క్లీనరు సీటు

అనకాపల్లి టాక్సీ స్టాండులో నన్ను రెచ్చగొట్టడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. "అమెరికా బండి ముందు నీ జపాను బండి ఏపాటిదిలే బావా" అంటే చాలు. చెయ్యాల్సిన పని మానుకుని మరీ వాదనకు దిగుతాను. ఇరవై రెండేళ్లుగా స్టీరింగు పట్టుకున్నవాణ్ణి. అందులో తొమ్మిదేళ్లు లారీ. బండి గురించి ఎవడో పేపర్లో ప్రకటన చూసొచ్చి నాకు పాఠం చెబితే వినే రకాన్ని కాదు.

కంపెనీల పేర్లు చెప్పను. చెబితే ఒక షోరూం వాడు శాలువా కప్పుతానంటాడు, ఇంకో షోరూం వాడు కోర్టుకెక్కుతానంటాడు. రెండూ నాకు పడవు. జపాను బండి, అమెరికా బండి, అంతే. రెండూ ఎత్తయినవే, రెండూ డబ్బున్నవాళ్లు కొనేవే. అమెరికా బండి చెడ్డదని నేనెప్పుడూ అనలేదు. దాని బలం దానిది, దాని మెత్తదనం దానిది. కానీ దాన్ని గీసినవాడు వెనక సీట్లో కాళ్లు చాపుకుని గీశాడు. జపాను వాడు ముందు సీట్లో కూర్చుని గీశాడు. ఇదీ నా మాట. ఈ మాట మీద నిలబడినందుకు రెండు వేల ఏడులో నా ఉద్యోగం పోయినంత పనయింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

నా పేరు మత్స్యరాజు. మాది మాడుగుల దాటి ఘాటు రోడ్డు ఎక్కాక వచ్చే కొండ ఊరు. మావాళ్లు ఇప్పటికీ మెట్ట చేలల్లో సామలూ కందులూ వేసుకుంటారు. నేను మాత్రం లారీల వెంట తిరిగి, చివరికి అనకాపల్లిలో త్రినాధరావు గారి దగ్గర డ్రైవరుగా కుదురుకున్నాను. బెల్లం మార్కెట్లో మూటలు మోసే కళాసీల్లో కూడా ఆయన తెలియనివాడు ఉండడు. ఆరడుగుల మనిషి, ఇస్త్రీ నలగని తెల్ల పంచె, ఎడమ చేతికి లావుపాటి ఉంగరం. ఆయన మాట్లాడుతుంటే కొట్లో గుమస్తాలు దగ్గడానికి కూడా భయపడేవారు.

బెల్లంతో పాటు పసుపూ చింతపండూ కూడా వ్యాపారం చేసేవారు. సరుకు తన కళ్లతో చూస్తేగాని నమ్మరు కాబట్టి నెలకు రెండుసార్లయినా కొండ మీది సంతలకు వెళ్లాలి. అందుకే రెండు వేల ఒకటిలో విశాఖపట్నంలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఆ జపాను బండి కొన్నారు. కొండ దారి తెలిసినవాడు కావాలని నన్ను పెట్టుకున్నారు. మొదటి రోజే వెనక తలుపు తీసి నిలబడ్డాను. ఆయన నన్నొక చూపు చూసి, నడుచుకుంటూ వచ్చి ముందు సీట్లో, నా ఎడమ పక్కన కూర్చున్నారు. "ఎనకాల కూకుంటే నాకు వాంతులవుతాయిరా" అన్నారు. అది నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు.

ఆ ఏడాది వానాకాలంలో ఒక పొద్దున్న సంతకు వెళ్తున్నాం. ఘాటు సగం ఎక్కేసరికి మంచు. ఎడమ పక్కన లోయ. మలుపులో ఎదురుగా బస్సు దిగుతోంది. దానికి దారి ఇవ్వాలంటే నేను ఎడమకు, లోయ అంచుకు జరగాలి. వానకు నానిన మట్టి అంచు అది. కుడివైపు కూర్చున్న డ్రైవరుకు ఎడమ చక్రం కింద ఏముందో కనబడదు. లారీలో అయితే ఆ పని చూసేది క్లీనరు. కిటికీలోంచి తల బయటపెట్టి, తలుపు రేకు మీద అరచేత్తో కొట్టి చెబుతాడు. ఒక దెబ్బ కొడితే ఆగు, రెండు కొడితే రా, ఆపకుండా కొడితే వెనక్కి పో. నోటితో చెబితే ఇంజను మోతలో వినబడదు, వినబడేలోపు చక్రం వెళ్లిపోతుంది.

నాకు వేరే దారి లేదు. "బాబూ, ఏటీ అనుకోకండి. కాస్త తల బైటెట్టి సక్రం సూడండి" అన్నాను. ఎలా కొట్టాలో చెప్పాను. ఆయన అద్దం దించి, నడుము దాకా బయటకు వంగారు. రెండు దెబ్బలు. నేను జరిగాను. మళ్లీ రెండు. మళ్లీ జరిగాను. తర్వాత ఒక్క దెబ్బ, ఉంగరం రేకుకు తగిలి గట్టిగా మోగింది. బ్రేకు మీద నిలబడ్డాను. బస్సు మమ్మల్ని ఒరుసుకున్నట్టుగా దిగిపోయింది. కిందకు దిగి చూస్తే చక్రానికీ అంచుకూ మధ్య జానెడు కూడా లేదు.

నేను రాయి వెతికి చక్రం కింద పెట్టాను. ఆయన మాత్రం నవ్వుతున్నారు. వానకు తడిసిన ముఖంతో, చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు. పదహారేళ్ల వయసులో ఇంట్లో చెప్పకుండా రాయపూరు వెళ్లే లారీకి క్లీనరుగా ఎక్కేశారట. విజయనగరం దాటకముందే వాళ్ల నాన్న పట్టుకుని, చెవి మెలేసి తెచ్చి కొట్లో కూర్చోబెట్టారట. "అప్పుడు కూకున్నోణ్ణి ఇంకా లెగలేదురా మత్స్యరాజూ" అన్నారు.

ఆ రోజు నుంచి ఘాటు రోడ్డు మొదలైతే చాలు, ఆయన అద్దం దించేవారు. ఆరేళ్లు. ఎన్ని మలుపులో, ఎన్ని బస్సులో లెక్కలేదు. ఆయన దెబ్బ పడితే నేను రెండో ఆలోచన లేకుండా బండి కదిపేవాణ్ణి. కొండ దిగగానే ఆయన చెయ్యి తుడుచుకుని, అద్దం ఎత్తి, మళ్లీ షావుకారు అయిపోయేవారు. ఊళ్లో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దని ఆయన అడగలేదు, నేనూ అడిగించుకోలేదు. అబద్ధమెందుకు, అంత పెద్ద మనిషి నాకు క్లీనరు అన్న సంగతి తలుచుకుంటే లోలోపల నాకు మహా గర్వంగా ఉండేది.

జపాను బండి నాకెందుకు ఇష్టమో ఇప్పుడు చెబితే అర్థమవుతుంది. దాని కిటికీ అంచు కూర్చున్న మనిషి మోచేతికి సరిపోతుంది. చెయ్యి బయటకు వేలాడేస్తే అరచెయ్యి రేకు మీదికి దానంతటదే వెళ్తుంది. రేకు మీద దెబ్బ పడితే నా చెవికి వినబడుతుంది. అద్దాలు పెద్దవి, మధ్య స్తంభాలు సన్నవి, బోనెట్ ఎక్కడ అయిపోయిందో సీట్లోంచి కనబడుతుంది. ఎదురుగా మేక వచ్చినా మనిషి వచ్చినా వాడి కాళ్లు కూడా కనబడతాయి. తోలేవాడికి కళ్లూ చెవులూ ఉన్నాయని నమ్మి చేసిన బండి అది.

రెండు వేల ఏడులో షావుకారు గారికి అరవయ్యేళ్లు నిండాయి. షష్టిపూర్తికి కానుకగా వాళ్లబ్బాయి బాబ్జి బాబు అమెరికా బండి బుక్ చేశాడు. పాత బండి ఎక్స్‌చేంజిలో పోతుంది. బాబ్జి బాబు చెడ్డవాడు కాదు. విశాఖపట్నంలో చదువుకుని వచ్చి, పరవాడ కంపెనీలకు కెమికల్ డ్రమ్ములు సప్లై చేస్తూ సొంతంగా సంపాదించినవాడు. తండ్రి అంటే ప్రాణం. కాకపోతే ఆ తండ్రి ఎలా ఉండాలో తనకే బాగా తెలుసని అతని నమ్మకం.

ముందు షోరూం మనిషి పాత బండికి వెల కట్టడానికి వచ్చాడు. చుట్టూ తిరిగి, ఎడమ తలుపు దగ్గర ఆగిపోయాడు. కిటికీ కింద అరచేతంత మేర రంగు లేచిపోయి, రేకంతా చిన్న చిన్న నొక్కులు పడి ఉంది. "ఇదేంటండీ, ఇక్కడొక్కచోటే ఇలా పోయింది?" అన్నాడు. బాబ్జి బాబు నా వైపు చూశాడు.

"గేటుకి రాసుకుందండి" అన్నాను.

షావుకారు గారు ఆకాశం వైపు చూస్తూ, వాన వచ్చేలా ఉందన్నారు. మబ్బన్నదే లేదు.

రెండు రోజులకు ట్రయలుకని కొత్త బండి తెచ్చారు. ఎలా ఉందంటే, పెళ్లికొడుకులా ఉంది. లోపల తోలు సీట్లు, వెనకవాళ్లకు వేరే ఏసీ, వాళ్లు చూసుకోవడానికి చిన్న టీవీ. షావుకారు గారు అలవాటుగా ముందు సీట్లోకి ఎక్కబోతే బాబ్జి బాబు, "అక్కడ కాదు నాన్నా, నీ సీటు ఎనకాల" అన్నాడు. ఆయన "ఈ ఒక్కసారికీ లేరా" అని ముందే కూర్చున్నారు. బాబ్జి బాబు వెనక కూర్చున్నాడు.

మార్కెట్టు సందులోకి తీసుకెళ్లాను. బోనెట్ నా గుండెల దాకా లేచి ఉంది, దాని ముందు ఏముందో ఊహించుకోవాల్సిందే. చివర మలుపు దగ్గర బెల్లం దిమ్మల బళ్లు అడ్డం ఉంటే రివర్సు చెయ్యాల్సి వచ్చింది. అంతే, బండి అరవడం మొదలుపెట్టింది. బండి కనబడితే అరుపు, గోడ కనబడితే అరుపు, ఆవు తోక ఊపితే అరుపు. ఆ గోలలో షావుకారు గారు అద్దం దించి చెయ్యి బయటపెట్టారు. కిటికీ అంచు ఆయన భుజం దాకా ఉంది. బడిలో, బయటకు వెళ్తానని పంతుల్ని అడిగే పిల్లాడిలా చెయ్యి పైకి లేచి ఉండిపోయింది. ఎలాగో మోచెయ్యి వంచి రేకు మీద కొట్టారు. మందపాటి తలుపు. ఉంగరం మోత నాకు వినబడనే లేదు.

వినబడనిది నాకు. వెనక కూర్చున్న బాబ్జి బాబు మాత్రం చూశాడు. తండ్రి చేతినీ, ఉంగరాన్నీ, కొట్టిన తీరునూ చూశాడు.

దారిలో మెకానిక్ సత్తియ్య షెడ్డు దగ్గర షావుకారు గారు ఆపమన్నారు. సత్తియ్య బోనెట్ ఎత్తి, టార్చి వేసి చూసి, పగలబడి నవ్వాడు. "ఒరే బావా, ఇలగ రా. దీని ఇంజను మీదున్న రాత సూడు. జపానుదేరా! పై తొడుగు అమెరికాది, లోపల గుండె మీవోళ్లదే" అన్నాడు. షెడ్డులో ఉన్నవాళ్లందరూ నా మీద పడి నవ్వారు. ఒకడు తీర్పు కూడా చెప్పేశాడు, ఇక మత్స్యరాజు నోరు మూసుకోవాల్సిందేనని.

"మంచిదే. ఇంజను జపానుదైతే ఇంజను మీద కూకుని తోల్తాను. సీటూ కిటికీ కూడా జపాను నించి తెప్పించండి, అప్పుడు నోరు మూసుకుంటాను" అన్నాను. మళ్లీ నవ్వారు. షావుకారు గారు మాత్రం నవ్వలేదు.

సాయంత్రం పాత బండి తుడుస్తుంటే బాబ్జి బాబు వచ్చాడు. చేతిలో కొత్త తెల్ల యూనిఫారం, నల్ల బూట్ల జత ఉన్నాయి. అవి బోనెట్ మీద పెట్టాడు.

"ఆ తలుపు మీద మచ్చ గేటుది కాదు. మా నాన్న ఉంగరానిది" అన్నాడు.

నేను అద్దం తుడుస్తూనే ఉన్నాను.

"ఆరేళ్లు మా నాన్న చేత క్లీనరు పని చేయించుకున్నావు. నీకు సిగ్గు లేదేటి మత్స్యరాజూ? ఆయనెవరు, నువ్వెవరు? రేపు ఆదివారం నూకాలమ్మ గుడి దగ్గర పూజ. ఆ రోజు నుంచి నాన్న ఎనక సీట్లో కూర్చుంటారు. నువ్వు బూట్లేసుకుని, నోరు మూసుకుని తోలుతావు. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు."

"నాను ఆ బండి ఎక్కనండి బాబూ" అన్నాను. "అది నాతో కాదు, మా నాన్నతో చెప్పుకో" అని వెళ్లిపోయాడు.

చెప్పుకోవడానికే వెళ్లాను. కొట్లో ఒక్కరే ఉన్నారు. ఎక్కనని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆడు ముచ్చటపడి కొన్నాడ్రా. కాదంటే బాధపడతాడు."

"మీకు ఇష్టవేనా బాబూ?"

"అరవయ్యేళ్లొచ్చీసేయి. ఇంకా కిటికీలోంచి ఏలాడితే ఏం బాగుంటాది?" అని కళ్లజోడు పెట్టుకుని, "నిమ్మకాయలు నువ్వే తొక్కించాల. అమ్మోరి ముందు కాదనవులే, నీ సంగతి నాకు తెల్సు" అన్నారు.

అక్కడే నాకు ఒళ్లు మండింది. మా డ్రైవర్లలో ఒక పట్టింపు ఉంది. కొత్త బండికి అమ్మవారి ముందు పూజ చేసి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు కదా. ఆ నిమ్మకాయలు ఎవరు తొక్కిస్తే బండి వాడిది. అది అమ్ముడుపోయేదాకా దాన్ని వాడు వదలకూడదు. అందరూ పాటించరు గాని నేను పాటిస్తాను. ఆ సంగతి ఆయనకు తెలుసు. నా చేత నిమ్మకాయలు తొక్కించి నన్ను ఆ బండికి కట్టేద్దామనుకున్నారు. నోటితో అడగలేక అమ్మవారిని అడ్డం పెట్టుకున్నారు.

ఇంట్లో మా ఆవిడ తల్లమ్మ తిట్టింది. "బండేదైతే నీకేటి, జీతం ఒకటే కదా. పిల్లల్ని హాస్టల్ నించి తెచ్చి మళ్లీ కొండెక్కించీమంటావేటి?" అంది. ఆమె మాట తప్పు కాదు. ఈ ఊళ్లో త్రినాధరావు గారు తీసేసిన డ్రైవర్ని ఇంకో షావుకారు పెట్టుకోడు. అది తెలిసే పంతం పట్టాను. అన్నం సహించలేదు, అయినా పంతం వదల్లేదు.

ఆదివారం గుడి ముందు జనం కిటకిటలాడుతున్నారు. బెల్లం వర్తకులందరినీ పిలిచారు. బండికి పసుపు రాసి, బంతిపూల దండ వేశారు. షావుకారు గారి భార్య నూకరత్నమ్మ గారు హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డారు. పూజారి కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు సర్ది, "డ్రైవరెవరు? రావయ్యా" అన్నాడు. నేను ఎప్పటి ఖాకీ చొక్కాలో, చెప్పులతోనే వెళ్లాను. బాబ్జి బాబు తాళం నా చేతిలో పెట్టాడు.

"ఎక్కు మత్స్యరాజూ" అన్నారు నూకరత్నమ్మ గారు.

"ఎక్కను అమ్మగారూ" అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. పూజారి మళ్లీ పిలిచాడు. మళ్లీ అదే మాట చెప్పాను, ఈసారి అందరికీ వినబడేలా చెప్పాను. "అమ్మోరి ముందు తొక్కించి రేపు ఒగ్గీసేకన్నా ఇప్పుడే ఎక్కనని సెప్పడం మంచిది. బండి మంచిదే. కానీ మా షావుకారిని మూటలాగ ఎనక సీట్లో ఏసుకుని నాను కొండెక్కలేను. ఆ బండిలో ఆయనకి పనిలేదు. పక్కనున్న మనిషితో పనిలేని బండి నాకొద్దు."

బాబ్జి బాబు ముఖం ఎర్రబడింది. నలుగురిలో పరువు పోతుంటే ఎవరికైనా నోరు జారుతుంది. "పనా? మా నాన్న చేత క్లీనరు పని చేయించుకోవడం అలవాటైపోయింది నీకు! తలుపు కొట్టించుకునీవోడివి. అది పోతందనే కదా నీ ఏడుపు!" అని అరిచాడు.

అరిచాక గాని ఏమన్నాడో అతనికే తెలియలేదు. మేళం కూడా ఆగిపోయింది. వర్తకుల్లోంచి అప్పలరాజు గారు ముందుకు వచ్చారు. ముప్పయ్యేళ్లుగా త్రినాధరావు గారికి పోటీ వర్తకుడాయన. "ఏటీ? త్రినాధరావు క్లీనరేటి? డ్రైవరికి తలుపు కొట్టీవోడేటి?" అన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు జనంలో పాకింది.

నేను షావుకారు గారిని చూశాను. ఆరడుగుల మనిషి కుంచించుకుపోయినట్టున్నారు. ఎడమ చేతిని పంచె మడతల్లో దాచుకున్నారు. ఆయన మీద నాకున్న కోపమంతా అక్కడే చల్లారిపోయింది. నన్ను కట్టేద్దామనుకున్న మనిషే, నన్ను అడగకుండా నా బండి అమ్మెయ్యడానికి ఒప్పుకున్న మనిషే. అయినా ఆయన అలా చెయ్యి దాచుకోవడం నేను చూడలేకపోయాను.

"అదంతా అబద్ధవండి" అన్నాను అప్పలరాజు గారితో. "ఆయనెప్పుడూ అలాటి పని సెయ్యలేదు. నా పక్కన కూకుని నిద్దరపోయీవోరు. తలుపు గేటుకి రాసుకుంది. నానే రాసేను."

తాళం బోనెట్ మీద పెట్టాను. అమ్మవారికి దండం పెట్టుకుని నడిచాను. జనం దారి ఇచ్చారు. ఉద్యోగం పోయింది, మధ్యాహ్నం మాడుగుల బస్సు ఎక్కాలి, తల్లమ్మకు ఏం చెప్పాలి, ఇవే నా ఆలోచనలు. ఏడుపు వస్తోంది గాని అక్కడ ఏడవదలచుకోలేదు.

"ఆగరా."

వెనక్కి తిరిగాను. షావుకారు గారు నా వైపు కాదు, అప్పలరాజు గారి వైపు చూస్తున్నారు.

"ఆడు అబద్ధవాడతన్నాడు అప్పలరాజూ. నా పరువు కోసం అమ్మోరి ముందు అబద్ధవాడతన్నాడు" అన్నారు. తర్వాత మాటకు కొట్లో ఉండే గొంతు వచ్చేసింది. "సేసేను. ఆరేళ్లు సేసేను. ఘాటు మీద సక్రం సూసి ఈ సేత్తోనే తలుపు కొట్టేను. లోయ జానెడు దూరంలో ఉంటే నువ్వు కొడతావేటి? కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుసుకుంటావు. నాను సూసేను. నాను ఆగమంటే ఆగేడు, రమ్మంటే వచ్చేడు. కొట్లో కూకుని నలభయ్యేళ్లు సంపాదించేను గానీ, నా మాట మీద ప్రాణవెట్టి బండి తోలినోడు ఈడొక్కడే. నవ్వుకుంటే నవ్వుకోండి."

ఎవరూ నవ్వలేదు. అప్పలరాజు గారు కండువా సర్దుకున్నారు.

బాబ్జి బాబు తల దించుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. షావుకారు గారు వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేశారు. "బండి బాగుందిరా. నువ్వు కొన్నావు కాబట్టి ఇంకా బాగుంది. పెళ్లిళ్లకీ పేరంటాలకీ నువ్వు తోలు, మీ అమ్మా నానూ ఎనకాల రాజాల్లాగ కూకుంటాం. పాత బండి మాత్రం ఎవరికీ ఇవ్వను. ఆ షోరూమోడికి నానే సెప్తాను. ఎల్లు, నువ్వే తొక్కించు" అన్నారు.

బాబ్జి బాబే ఎక్కి నిమ్మకాయలు తొక్కించాడు. బాగా తోలుతాడు, ఆ మాట నేను ఒప్పుకుంటాను. కిందకు దిగి నా దగ్గరకు వచ్చాడు. క్షమించమని అనలేదు, నేనూ ఎదురుచూడలేదు. "ఘాటు మీద నాన్న నడుం దాకా బైటకి వంగుతారా?" అని మాత్రం అడిగాడు. వంగుతారని చెప్పాను. "బెల్టు పెట్టుకోమని చెప్పు" అన్నాడు. ఆ రోజు నుంచి నేను చెబుతూనే ఉన్నాను, ఆయన వినరు.

ఊరు ఊరుకుంటుందా? మంగళవారానికల్లా మార్కెట్టు మొత్తం ఆయనకు క్లీనరు త్రినాధరావని పేరు పెట్టేసింది. ఎదురుగా అనే ధైర్యం చాలామందికి లేదు, అప్పలరాజు గారికి ఉంది. గురువారం కొండ సంత. నేను కొట్టు ఎదురుగా టీ బడ్డీ దగ్గర నిలబడి ఉన్నాను. షావుకారు గారు బయటకు వచ్చి, జపాను బండి ముందు తలుపు తీసుకుని తన సీట్లో కూర్చున్నారు. అటు తన కొట్లోంచి అప్పలరాజు గారు, మార్కెట్లో కళాసీలు, గుమస్తాలు అందరూ వినేలా కేక పెట్టారు.

"ఏవండీ క్లీనరు గారూ! బండి ఎప్పుడు బయల్దేరుతాది?"

మార్కెట్టంతా చేస్తున్న పనులు ఆపి చూసింది. షావుకారు గారు తల బయటపెట్టి, అంతకన్నా గట్టిగా సమాధానం చెప్పారు.

"నన్నడిగితే నాకేటి తెల్సు? మా డ్రైవరు ఎప్పుడంటే అప్పుడు!"

నా గ్లాసులో ఇంకా సగం టీ ఉంది. గబగబా తాగేసి పరిగెత్తవచ్చు. పరిగెత్తలేదు. అప్పలరాజు గారి వైపు చూస్తూ, గుక్క గుక్కగా, చివరి చుక్క దాకా తాగాను. అంతసేపూ అనకాపల్లి బెల్లం మార్కెట్టు చూస్తుండగా త్రినాధరావు గారు క్లీనరు సీట్లో కూర్చుని నా కోసం ఎదురుచూశారు.